నడిచే రొద

స్క్రూ కింద పడింది.

బల్ల కిందికి దొర్లిపోతే ముసలి మెకానిక్ మోకాళ్ళ మీద వంగి వెతికి తీశాడు. అతని ఎడమచేతికి బొటనవేలు లేదు. దొరికిన స్క్రూ మళ్ళీ జారింది.

"ఈ చేత్తో ఏం పట్టుకుంటారండీ మీరు?" అన్నాడు లాయరు.

"పట్టు తెలిస్తే వేళ్ళతో పనేముంది బాబూ," అని నవ్వాడు ముసలాయన.

లాయరుకి నవ్వు రాలేదు. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఉన్నన్నాళ్ళూ "ఒక పాట పాడతానురా, విను" అంటే, "కోర్టు టైమైందమ్మా" అనేవాడు. ఒక్కనాడూ కూర్చుని వినలేదు.

ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క టేపు. ఆమె చిన్న వయసులో ఎవరో పట్టుబట్టి పాడించిన పాట. దాన్ని సరిగ్గా వినాలని పాతకాలపు గాజు వాల్వుల యాంప్లిఫయర్ కొన్నాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత చురుకైన స్పీకర్లు తెచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని అతనికీ తెలుసు.

చిక్కేమిటంటే, ఆ స్పీకర్లు అమ్మ గొంతుతో పాటు మిషన్ గొంతూ వినిపించాయి. గుయ్‌మని ఒక రొద. దాని మీద సన్నటి బుస. ఆదివారం పిన్ని వస్తోంది. ఆమె వచ్చేలోగా అక్క పాట చెల్లెలికి వినిపించేలా ఉండాలి. అమ్మకి చేయనిది కనీసం అమ్మ పాటకైనా చేయాలని అతని తాపత్రయం.

ముసలాయన పని చేస్తూ కూనిరాగం తీస్తున్నాడు.

"మిషన్ రొద చాలదని మీరొకటా?"

కూనిరాగం ఆగిపోయింది. "అలవాటు బాబూ. ఏళ్ళ నాటిది."

పాత వాల్వు ఒకటి మార్చాడు. బుస పోయింది. టేప్ రికార్డరుకీ యాంప్లిఫయర్‌కీ చెరోచోట ఉన్న ఎర్త్ వైర్లను తెచ్చి ఒకేచోట కలిపాడు. వాల్యూమ్ సున్నాకి తిప్పి స్పీకరుకి చెవి ఆనించాడు. లాయరునీ ఆనించమన్నాడు. చడీచప్పుడు లేదు.

"ఇప్పుడు టేపు వేయండి."

అమ్మ గొంతు గదిలోకి వచ్చింది. దాని వెనకే, ఎక్కడో లోతుగా, రొద.

"పోలేదుగా," అన్నాడు లాయరు.

ముసలాయన కళ్ళు మూసుకుని పాటంతా విన్నాడు.

"ఇంకొక్కసారి వేస్తారా బాబూ?"

"రిపేరుకి వచ్చారా, కచేరీకి వచ్చారా?"

"ఇది మిషన్‌ది కాదు. మిషన్ రొదయితే ఒకే తీరుగా ఉంటుంది. ఇది దగ్గరికొస్తోంది, దూరంగా పోతోంది. నడుస్తోంది చూడండి. టేపులోదే. ఉండనివ్వండి."

అలా అని లాయరుని కిందినుంచి పైదాకా చూసి, ఎందుకో మురిసిపోయినట్టు నవ్వాడు. ఆ నవ్వుకి లాయరుకి ఒళ్ళు మండింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ సంగతి."

"అది కాదు బాబూ, ఆ రోజు..."

"అడిగినదానికి జవాబు చెప్పండి. తీయగలరా, లేదా?"

కోర్టులో ఎందరో సాక్షుల నోరు మూయించిన ప్రశ్న అది.

"తీయకూడదు," అన్నాడు ముసలాయన. పనిముట్ల పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

లాయరు వెంటనే అతన్ని పంపిన షాపుకి ఫోన్ చేశాడు. పని రానివాళ్ళని ఇళ్ళకి పంపితే కేసు వేస్తానన్నాడు.

నాలుగు రోజులకి ఇంకో మెకానిక్ వచ్చాడు. ఫిల్టర్ బిగించి, పది నిమిషాల్లో రొద లేకుండా చేశాడు.

"మరి ఆ పెద్దాయన?" అడిగాడు లాయరు.

"మాన్పించేశారు సార్. మీరు కేసు వేస్తానన్నారటగా. గది కూడా ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో మాకెవరికీ తెలీదు."

లాయరు మనసులో ముల్లు గుచ్చుకుంది. స్క్రూ కోసం వంగిన ఆ వీపు గుర్తొచ్చింది. నోటికొచ్చినట్టు అన్నాననుకున్నాడు. తర్వాత రెండు రాత్రులూ సరిగ్గా నిద్రపట్టలేదు.

ఆదివారం పిన్ని వచ్చింది. పాట మొదలవగానే మొహం చిట్లించింది.

"అక్క గొంతు ఇలా పీలగా అయిపోయిందేంట్రా? ఇంకేదో కూడా తగ్గింది."

"వెనకాల రొద ఉంటే తీయించేశాను పిన్నీ."

"నువ్వు తీయించింది మళ్ళీ పెట్టు ముందు."

లాయరు ఫిల్టరు తప్పించి టేపు మళ్ళీ వేశాడు. అమ్మ గొంతు నిండుగా వచ్చింది. వెనకే రొదా వచ్చింది, దగ్గరికొస్తూ, దూరంగా పోతూ.

పిన్ని పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇది రొద కాదురా పిచ్చి సన్నాసీ. అప్పుడు నీకు మూడో నెల. ఆ రికార్డింగ్ గదిలో గుక్కపట్టి ఏడిచావు. నేనెత్తుకున్నా ఆపలేదు. పాటా వద్దు, పాడూ వద్దని అక్క లేచి బయల్దేరింది. అప్పుడు ఆ టేపు తిప్పే ఆయన, కూర్చోండమ్మా అని, నిన్ను తన భుజాన వేసుకున్నాడు. అటూ ఇటూ నడుస్తూ నీ చెవిలో కూనిరాగం తీశాడు. నువ్వు నిద్రపోయావు, అక్క పాడింది."

లాయరు కుర్చీలో కూలబడ్డాడు. ఏదో అడగబోయి ఆగాడు. జీవితంలో మొదటిసారి ఒక సాక్షిని ఆపకుండా వింటున్నాడు. ఇంకొక్కసారి వేస్తారా బాబూ అన్న మాట చెవుల్లో తిరుగుతోంది.

పిన్ని తన ధోరణిలో చెప్పుకుపోతోంది.

"పాపం, ఆయన ఎడమచేతికి బొటనవేలు లేదు, ఎక్కడ జారవిడుస్తాడోనని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను గానీ, పాట అయ్యేదాకా నిన్ను పువ్వులా పట్టుకున్నాడురా."