మొదటి తలుపు

"కారులోంచి దిగి రా! తలుపు పెట్టేశాను!" భార్గవ ఫోన్‌లో అరిచాడు.

మృదుల ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, చలికి చేతులు రుద్దుకుంటూ ఇంట్లోకి వచ్చింది. జర్మనీలో, బ్రెమెన్ శివార్లలో ఈ పాతిల్లు కొనగానే, పుచ్చిపోయాయని గదుల తలుపులన్నీ భార్గవ పీకేశాడు. అంతలో లాక్‌డౌన్ వచ్చిపడింది. విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకున్న మామగారికి చెవులు సరిగ్గా వినబడవు. హాల్లో టీవీ హోరెత్తిపోతూ ఉంటుంది. అందుకే ఆమె మీటింగులన్నీ కారులోనే.

"కొత్తది కొందామంటే, చెట్టు కొట్టించిన పాపం మనకెందుకన్నావు. ఏదీ, చూడనీ."

"కూల్చేసిన బడి తలుపు. ఓక్ చెక్క. నేనే గీకి నూనె పట్టించాను. మూస్తే టీవీ చప్పుడే వినబడదు."

తలుపు అందంగానే ఉంది. కానీ అది భార్గవ గదికి ఉంది.

"నీ గదికా?"

"కొలత దీనికే సరిపోయింది మరి! నీ గదికీ దొరుకుతుందిలే. ఇలాంటి పాత సరుకు ఓపిగ్గా వెతకాలి."

"కొలత తీసుకెళ్లింది నువ్వే కదా. ఏ గదిది తీసుకెళ్లావు?"

భార్గవ తలుపు అంచు మీద లేని మరక తుడిచాడు.

మృదుల కారు తాళం అతని చేతిలో పెట్టి, ఆ గదిలోకే వెళ్లి తలుపేసుకుంది.

మీటింగుకి టైమైందని అతని ఫోన్ మోగింది. "మృదులా!" అని తలుపు బాదాడు. హాల్లో టీవీ హోరు ఇంకా పెరిగింది.

విసుక్కుంటూ వెళ్లి కారు తలుపు తీశాడు. సీటు మీద దుప్పటి, టీ ఫ్లాస్కు, సగం తిన్న పులిహోర డబ్బా.

ఇల్లు కొన్నామని అందరికీ చెప్పుకున్నాడు గానీ, మృదుల కాపురం ఈ కారులో పెట్టిందని భార్గవకి ఇప్పుడే తెలిసింది.