తంగేడు కుండీ

తేనెటీగలు కనుమరుగయ్యాక ఊరంతటికీ మిగిలింది కాలనీ కుండీలోని తంగేడు మొక్క ఒక్కటే. ఇంటికో చెంబు నీళ్లు పోసి దాన్ని బతికించారు. ఈసారి ఒకే పువ్వు పూసింది. పక్క ఊరివాళ్లు పంపిన పుప్పొడిని స్వరూప కుంచెతో అద్దింది. అది కాయ కడితేనే వచ్చే ఏటికి విత్తనం.

"పువ్వు కోయకుంటే బతుకమ్మ ఎట్లయితదే?" అంది పద్మక్క.

"కుండీనే నడుమ పెట్టుకొని ఆడుదామక్కా. ఇగ ఇదే మన చెట్ల పండుగ," అంది స్వరూప.

అందరూ ఒప్పుకున్నారు. కుండీ చుట్టూ పాడుతూ ఆడారు.

ఆట ముగిశాక స్వరూప అత్త ఎల్లవ్వ కోడలి జడ బోసిగా ఉండడం చూసింది. పాత అలవాటున చెయ్యి చాపి, పువ్వు తుంచి, స్వరూప జడలో తురిమింది.

"సల్లగుండు బిడ్డా."

స్వరూప వంగి అత్త కాళ్లకు మొక్కింది. లేచి కాలనీవాళ్ల ముఖాలు చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.