టాస్క్‌బార్‌లో పేర్లు

"ముందు అనూరాధ సీటు," అన్నాడు మేనేజర్ కృష్ణంరాజు, కంప్యూటర్లు బాగుచేసే గుణశేఖర్‌ని వెంటబెట్టుకుని ఓడల కంపెనీ ఆఫీసు హాల్లోకి వస్తూనే.

అనూరాధ మౌసు అందుకుంది. ఆ క్షణాన ఆమె తెర మీద ఉన్నది ఓడ కాగితాలు కాదు, కబడ్డీ. రాజమండ్రిలో బాలికల ఫైనల్ జరుగుతోంది. విశాఖ జట్టులో ఆడుతున్నది ఆమె కూతురు సత్యశ్రీ. వెళ్ళి చూసొస్తానంటే, సాయంత్రం ఓడ కదిలేలోగా కాగితాలు తేలాలని కృష్ణంరాజు సెలవుకి ససేమిరా అన్నాడు. కంచరపాలెంలో వాళ్ళ వీధి వీధంతా ఆట చూస్తోంది. కన్నతల్లి చూడకుండా ఎలా ఉంటుంది? సౌండు తీసేసి, ఓడ కాగితాల చాటున చూస్తోంది.

చటుక్కున తెర మీద కాగితాల్ని ముందుకు లాగి, "ఏటి సార్ సంగతి?" అంది ఏమీ ఎరగనట్టు.

"కొత్త కంప్యూటర్లొచ్చినకాణ్ణించి తెర కిందున్న టాస్క్‌బార్‌లో బొమ్మలే గాని పేర్లు లేవు. ఇదివరకైతే ఎవులు ఏటి తెరిసారో నడుసుకుంటా ఎల్తానే సదివీసీవోణ్ణి. ఇప్పుడు మీరు పని సేత్తన్నారో, సినిమాలే సూత్తన్నారో నాకెలా తెలుత్తాది? అందుకే పాత పద్ధతి తెప్పిత్తన్నాను."

"రెండు నిమిషాల పని మేడమ్," అన్నాడు గుణశేఖర్ ఉత్సాహంగా. "మీరు తెరిచినవేవీ ముయ్యక్కర్లేదు. వాటి పేర్లు వాటంతటవే తెర కింద వచ్చేస్తాయి."

అదే కదా ఆమె భయం. పోనీ ఆట మూసేద్దామంటే చెయ్యి రాలేదు. స్కోరు ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది. ఇంకా మూడు నిమిషాలుంది. పట్టుబడితే ఉద్యోగం మాట దేవుడెరుగు, పిల్ల గెలిచిందో ఓడిందో కళ్ళారా చూసుకునే యోగం లేకుండా పోతుందని ఆమె బాధ.

దేవుడు కరుణించాడు. కృష్ణంరాజు ఫోను మోగింది. పోర్టు గేటు దగ్గర్నుంచి ఎవరో. మాట్లాడుతూ బాల్కనీలోకి నడిచాడు.

"బాబూ, ముందు సార్ కేబిన్‌లోది సేసీ," అంది అనూరాధ గొంతు తగ్గించి.

"సార్ మీదే ముందన్నారు కదా మేడమ్."

"అది మొగమాటానికన్న మాట బాబూ. పెద్దోళ్ళని వదిలీసి మాకు ముందు సేత్తే ఏటి బాగుంటాది? నువ్వొచ్చీలోగా నాను కుర్సీ కాళీ సేసీత్తాను."

అమాయకుడు, నమ్మి కేబిన్‌లోకి వెళ్ళాడు. అనూరాధ మళ్ళీ ఆట ముందుకు తెచ్చింది. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. ఇంకా నిమిషన్నర ఉంది. సత్యశ్రీ జడ బిగించుకుంటూ గీత దగ్గరికి నడుస్తోంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడీ మనిసి?"

కృష్ణంరాజు గొంతు. ఆట మాయమై కాగితాలు వచ్చేశాయి. కూతురు కూతకి వెళ్ళే వేళకి తాను చూస్తున్నది ఇనుప ఖనిజం లెక్కలని ఆమెకి ఏడుపొచ్చింది.

"మీ కేబిన్‌లో సార్. మీది ముందు సేత్తన్నాడు."

కృష్ణంరాజు మొహం పాలిపోయింది. "నాదెందుకు? నాకు కొత్తదే బాగుంది. ఒరే గుణశేఖరూ, ఆగెహె, ఆగు," అంటూ ఆ వయసులో ఎవరూ ఊహించని వేగంతో కేబిన్‌లోకి ఉరికాడు.

అప్పటికే ఆలస్యమైంది. ఏ పనైనా పైకి చదివి అప్పజెప్పడం గుణశేఖర్‌కి అలవాటు.

"అయిపోయింది సార్, అన్నిటికీ పేర్లొచ్చేశాయి, చూస్కోండి. ఓడల రాకపోకలు... కస్టమ్స్ బిల్లు... లైవ్, బాలికల కబడ్డీ ఫైనల్, విశాఖపట్నం..."

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అందరూ తలలెత్తి కేబిన్ వైపు చూశారు.

తర్వాత తలుపు తెరుచుకుని కృష్ణంరాజు తల బయటికొచ్చింది.

"సదివింది సాల్లే గాని సౌండు పెట్టరా బాబూ. అనూరాధా, బేగి రా, మీ సత్తిశ్రీ మల్లీ కూతకెల్తంది."