దొరసాని ఎక్కిన మెట్లు

ముందు మెట్లకు కొట్టిన వార్నిష్ ఇంకా ఆరలేదని బుచ్చన్న అబద్ధం చెప్పాడు.

తెల్లామె ఎత్తిన కాలు దించి వెనక్కి పెట్టింది. పేరు హిల్డా. డెబ్బై దాటిన మనిషి. అయినా మెట్ల దగ్గర్నుంచి కదల్లేదు. నున్నటి టేకు చేతిపట్టీ మీద చెయ్యి వేసి, పైదాకా చూస్తూ నిలబడింది.

ఇంగ్లండులో ఏదో పల్లె పక్కన ఒకప్పుడు ఇలాంటి బంగళానే ఉండేదట. దాన్ని కూల్చేసి చాలా కాలమైంది. ఫొటోలు చూసి మనసుపడ్డ ఖతర్ దేశపు యజమాని, అక్కడి మెసయీద్ ఊరి దారిలో అచ్చం అలాంటిదే కట్టిస్తున్నాడు. తలుపు పిడిలో కూడా తేడా రాకూడదన్నాడు. తేడా ఉందో లేదో చెప్పడానికే ఈమెను పిలిపించాడు. ఆమె సరే అంటే బుచ్చన్న మేస్త్రీ, అతని మనుషులు సెలవు మీద ఇళ్ళకు పోవచ్చు. కాదంటే పగలగొట్టి మళ్ళీ కట్టాలి. సెలవు సంగతి అప్పుడు ఎవడూ ఎత్తడు.

ఇంజనీరు బుర్హానుద్దీన్ గుమ్మంలోనే చెప్పాడు, ఈమె పుట్టిందీ పెరిగిందీ ఆ బంగళాలోనేనని. బుచ్చన్నకు అక్కడే కడుపు మండింది. తెల్లవాళ్ళ ఆడమనిషిని అతని ఊళ్ళో దొరసాని అంటారు. దొరలుండే గడిలో పుట్టినదాన్నీ దొరసాని అనే అంటారు. ఈమె రెండు లెక్కల్లోనూ దొరసానే. బుచ్చన్న తల్లి భూమవ్వ దొర గడిలో బాసండ్లు తోమి తోమి ముసలిదైంది. ముందు వాకిట్లోంచి ఒక్కనాడూ లోపలికి పోయి ఎరగదు.

హిల్డా మెట్ల కిందే నిలబడి ఇంటి చరిత్ర చెప్పింది. బుర్హానుద్దీన్ దాన్ని హిందీ చేశాడు. కట్టినవాడు కలకత్తాలో నీలిమందు వ్యాపారం చేసి వచ్చాడట. వాడి కొడుకు ఈ పెద్ద మెట్లు పెట్టించాడు, విందుకొచ్చిన జనం తన కూతుళ్ళు దిగివస్తుంటే తలెత్తి చూడాలని. మనవడికి గుర్రప్పందేల పిచ్చి. గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటే అమ్ముకున్నాడు. ఆఖరివాడికి కప్పు బాగుచేయించే దిక్కు లేక, వాన కురవని గది వెతుక్కుంటూ మంచం లాక్కుని తిరిగేవాడట. ఇదంతా ఎవరో పరాయివాళ్ళ సంగతి చెప్పినట్టు నవ్వుతూ చెప్పింది.

"తాత సంపాదిచ్చిండు, మనవడు గుర్రాలకు మేపిండు. ఈమె మనకు కత చెప్పొచ్చింది," అన్నాడు బుచ్చన్న తెలుగులో. మేస్త్రీలు కిసుక్కున నవ్వారు. ఏమన్నాడో తెలియక ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది.

బుర్హానుద్దీన్‌కు ఫోనొచ్చి బయటికి వెళ్ళాడు. హిల్డా బుచ్చన్న దగ్గరికి వచ్చి సైగలు కలిపి మెల్లగా అడిగింది, బూట్లు విప్పి ఓ పక్కగా ఎక్కితే ఫరవాలేదా అని. అడుగుతూనే వంగి బూటు తాడు విప్పబోయింది.

"మాఫీ మేడమ్," అన్నాడు బుచ్చన్న. వంటగది పక్కన గోడలో కలిసిపోయినట్టున్న చిన్న తలుపు చూపించాడు. అవి నౌకర్ల మెట్లు. ఇరుకు, చీకటి, ఒక్క కిటికీ లేదు. వాటిని కూడా ఉన్నదున్నట్టు కట్టాలన్నాడు యజమాని.

ఆమె మొహం ఎర్రబడింది. తాడు మళ్ళీ ముడేసుకుంది.

మేస్త్రీల్లో ఒకడు, తిరుమల్, గుసగుసగా అన్నాడు, "అన్నా, ముసలామె. పడ్డదనుకో, మన సెలవు గూడ పడ్తది. ఏం పగనే నీకు ఆమెతోని?"

"ఆమెతోని గాదురా. ఒక్కపారి దొరసానిని నౌకర్ల తొవ్వల నడువనీ. సచ్చిపోదు తియ్."

ఫోన్ లైటు వేసుకుని బుచ్చన్న వెనకే ఎక్కాడు. దొరసాని ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ గోడ పట్టుకుంటుందో చూడాలని. ఆమె తడబడలేదు. లైటు అందకముందే చీకట్లో చకచకా ఎక్కిపోతోంది. ఒక భుజం వంచి, ఓ చెయ్యి ఒంటికి దూరంగా పెట్టి, బరువేదో పట్టుకున్నట్టు ఎక్కింది. మలుపులో దూలం దగ్గర తల వంచింది. కట్టిన మేస్త్రీలందరికీ అక్కడ బొప్పి కట్టింది. వెనకే వచ్చిన బుచ్చన్నకు ఇప్పుడు ఇంకొకటి కట్టింది.

పైన చిన్న తలుపు తోస్తే పెద్ద మెట్ల పైకొసకు వచ్చారు. మధ్యాహ్నపు వెలుగు కిటికీ అద్దాల్లోంచి మెట్ల మీద పడి మెరుస్తోంది. హిల్డా వంగి పైమెట్టు మీద వేలితో రాసింది. వేలు కళ్ళ ముందుకు తెచ్చుకుని చూసింది. తడి లేదు. ఇంకో మెట్టు రాసింది. అదీ పొడిగానే ఉంది.

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఇంజనీరును పిలుస్తుందనుకున్నాడు. ఆమె అతనికేసి చూడనైనా లేదు. దొంగతనం చేస్తూ పట్టుబడ్డది తనే అయినట్టు, వేలిని చీర కొంగుకు తుడుచుకునే ఆడవాళ్ళలా కోటు అంచుకు తుడుచుకుంది. అదేమిటో, బుచ్చన్నకు తల కొట్టేసినట్టయింది. కింద నుంచి మేస్త్రీలు తలలెత్తి చూస్తున్నారు.

"సారీ మేడమ్," అన్నాడు. "ఇట్లనే దిగుండ్రి. ఇట్ల రాండ్రి." తెలుగులో అంటున్నానన్న ధ్యాస కూడా లేదు. చేత్తో పెద్ద మెట్లు చూపించాడు.

హిల్డా తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఆ చిన్న తలుపే తీసింది. గడప మీద ఆగి, అతనికి అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి ఇంగ్లీషులో చెప్పింది.

"ఏ తేడా లేదు, అచ్చం ఆ ఇల్లే కట్టావు. బొగ్గు బకెట్లు మోసే పనిమనిషి కూతుర్ని నేను, నన్ను అక్కడా ముందు మెట్లు ఎక్కనివ్వలేదు."