మెరవని అద్దం

“మూడు రోజుల్లో అగ్నిపర్వతం, పాత గుళ్లు, అక్కడి తిండీ, అన్నీ చుట్టేశాం బావమరిదీ!” అంటూ బావ నా ఫ్రేముల షాపు బల్ల మీద ఫొటోలు పరిచాడు. వెనక అక్క సంచీలు పట్టుకుని నిలబడింది.

గుడి గుమ్మంలో బావ. పళ్లెం ముందు నోరు తెరిచిన బావ. అగ్నిపర్వతం ముందు బావ. పాపం, ఆ పర్వతం ఆయన భుజం మీంచి తొంగిచూస్తోంది.

“ఒక్కదాంట్లోనూ అక్క లేదేంటి?”

“తీసింది తనేగా! వంద తీస్తే నాలుగు కుదిరాయి. ఫ్రేముకి మాత్రం మంచిదే ఏరింది.”

చూశాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న బావ మొహం తప్ప అందులో ఏమీ లేదు. ఈ మొహం కోసం అంత దూరం పోవాలా అని లోపల నవ్వుకుంటూ, టేపు పట్టుకుని కొలతకి వంగాను.

ఆ కళ్లద్దాల్లో అక్క ఉంది. రెండు భుజాలకీ సంచీలు, మోచేతి మీద బావ కోటు, చేతిలో ఫోను.

తలెత్తాను. అక్క నన్నే చూస్తోంది.

“వెలుతురుకి మెరవని అద్దం వెయ్యరా తమ్ముడూ,” అంది. “ఇద్దరం కనపడాలి.”