గ్యాసు గురువు

"ఏమండీ, ఒక్క మాట చెప్పాలి. ఆ కొట్టుగదిలో..."

"ష్!" గురువు భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ గది ఊసే ఎత్తొద్దన్నానా? గోడలకు చెవులుంటాయి. అవతల మీ అన్నయ్య ఉన్నాడు."

భార్య నిట్టూర్చి పాలగిన్నె వైపు తిరిగింది. పెరట్లో ఆమె అన్న, టీకొట్టు నడుపుకునే మనిషి, భూమిలో పాతిన గ్యాసు ట్యాంకు చుట్టూ తిరిగి తిరిగి చూస్తున్నాడు.

గురువు అసలు పని పాలమ్ముకోవడం. ఉన్న రెండావుల పేడతో గ్యాసు ట్యాంకు కట్టించి, మంట వచ్చిన మొదటి రోజే వీధి వీధంతా పిలిచి చూపించాడు. పేడ, నీళ్ళు, కాస్త ఓపిక, ఇంతేనంటూ ఉపన్యాసం దంచాడు. అప్పటినుంచి అతను అందరికీ గ్యాసు గురువు. ఆ పేరు అతనికి తన పాలకన్నా చిక్కగా అనిపించేది.

ఆ వైభోగం ఎంతో కాలం నిలవలేదు. ఈగలు ముసురుతున్నాయని ఫినాయిలుతో కొట్టం కడిగి, ఆ నీళ్ళు బకెట్లకొద్దీ ట్యాంకులోకే వదిలాడు. మంట చిన్నబోయి, చిన్నబోయి ఆరిపోయింది. ట్యాంకు అమర్చిన మెకానిక్ వచ్చి, "లోపల గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు చచ్చాయి గురువుగారూ. ఇది తేరుకోవడం కష్టం" అని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

తప్పు ఒప్పుకుంటే బిరుదు పోతుంది. అందుకే ఎవరి కంటా పడకుండా ఓ సిలిండరు తెచ్చి, వంటింటి పక్క కొట్టుగదిలో పెట్టి, పాత దుప్పటి కప్పి, గోడకు కన్నం చేసి పైపు పొయ్యికి తగిలించాడు. చూసేవాళ్ళ కోసం ట్యాంకు పైపు కూడా అలాగే ఉంచాడు. ఏ కుళాయి తిప్పాలో, ఏది కట్టాలో భార్యకు అప్పగించాడు. పొద్దున్నే నలుగురూ చూసేలా పేడ కలిపి ట్యాంకులో పోయడం మాత్రం తనే చేసేవాడు. వేషం కట్టాక సగం రంగు పూసుకుంటే ఎలా?

ఇక అప్పటినుంచి సొంత ఇంట్లోనే తేలు కుట్టిన దొంగ బతుకైంది. కొట్టుగది గుమ్మం తొక్కడానికే భయం. ఎవరు తలుపు తట్టినా గుండె జారేది. మొదట్లో పేడ గ్యాసు పొయ్యికి సిలిండరు గ్యాసు సరిపడక గిన్నెల అడుగులు మసిబారుతుంటే ఎవరైనా పసిగడతారేమోనని భార్యను కసిరి కసిరి తోమించాడు. ఈమధ్య గిన్నెలు తళతళలాడుతున్నాయి. అయినా అతనికి కంటిమీద కునుకు లేదు.

బావ వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు వంగాడు. "ఎంత నీలంగా ఉందో మంట! బావా, నువ్వు నిజంగా గురువువే."

"ఏదో, నీ అభిమానం."

"రేపు మేస్త్రీ వస్తున్నాడు. కొట్టు వెనక గది పడగొట్టి అక్కడే తవ్విస్తున్నా. ఆవు ఎలాగూ ఉందిగా."

గురువు చటుక్కున అతని వైపు తిరిగాడు. "పిల్లలు పడుకునేది ఆ గదిలోనే కదా?"

"ఉన్న జాగా అదొక్కటే. కొట్లో బల్లల మీద పడుకుంటారులే. కట్టెల పొగకి చంటిది దగ్గి దగ్గి చస్తోంది బావా. నీ పొయ్యి చూశాకే నాకు ధైర్యం వచ్చింది."

"కొన్నాళ్ళు ఆగరాదూ?"

"ఎందుకు? ఏమైనా తేడా ఉందా?"

"అబ్బే, తేడా ఏముంటుంది!"

"మరింకేం!" బావ చెప్పులు వేసుకోబోయాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే తన పరువు పోతుంది, చెప్పకపోతే ఆ పిల్లల నెత్తిమీద కప్పు పోతుంది. భార్య చొక్కా పట్టుకుని లాగింది.

"ఏమండీ, ముందు నా మాట వినండి..."

"నువ్వుండు! ఇక నావల్ల కాదు." గురువు చెయ్యి విదిలించుకుని గడపకు అడ్డం నిలబడ్డాడు. "బావా, గది పడగొట్టకు. నా ట్యాంకు ఎప్పుడో చచ్చింది. నిన్నూ వీధినీ మోసం చేశాను."

కొట్టుగది తలుపు తెరిచి, ముఖం పక్కకు తిప్పుకుని, వేలితో దుప్పటి చూపించాడు. బావ దాన్ని ఎత్తి, సిలిండరు చూసి, మళ్ళీ వదిలేశాడు. గురువు వైపు తిరిగాడు.

"నీ మాట నమ్మి నా పిల్లల్ని వీధిన పడేసేవాణ్ణి కదరా! ఇంకెప్పుడూ నా దగ్గర గ్యాసు మాటెత్తకు. మా పొగేదో మేమే పీలుస్తాం."

గేటు దగ్గరే నిలబడి మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దన్నాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ జరిగింది చెప్పుకుంటూ వీధి దాటి వెళ్ళిపోయాడు.

గురువు పొయ్యి పక్కన కూలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా ఎన్నాళ్ళకో గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"పోతే పోయింది పరువు. పిల్లల గది నిలిచింది, అంతే చాలు. ఆ సిలిండరు తెచ్చి ఈ పొయ్యి పక్కనే పెట్టు. ఇంక దాచేదేముంది?"

భార్య ట్యాంకు పైపు కుళాయి కాస్త తిప్పి మంట తగ్గించి, పొంగుతున్న పాలు దింపింది.

"అది ఖాళీ అయి నెల దాటిందండీ."