విందుకు తాకట్టు

వచ్చే నెలలో యాభై నిండబోతున్న మా అబ్బాయి తెమిర్, బ్యాంకు కాగితాలను నా టీ గిన్నె పక్కన పెట్టి, సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించాడు. మా కొండ ఊరు నారిన్ బడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి నేను సంపాదించుకున్న ఈ రెండు గదుల ఇంటిని తాకట్టు పెట్టి, విందు చేస్తాడట.

“పక్కింటి కాదిర్ వాళ్ళు విందుకు రెండు గుర్రాల్ని కోశారమ్మా. మనం గొర్రెతో సరిపెడితే చుట్టాలు మొహాన ఉమ్మేస్తారు.”

“చుట్టాలు తిని, మిగిలిన మాంసం మూటగట్టుకుని పోతారు. బ్యాంకువాడు మాత్రం గుమ్మం వదలడు. నీ కారు వాయిదాలే ఇంకా నీ పెళ్ళాం కుట్టుపని మీద నడుస్తున్నాయి కదరా.”

“పరువంటే నీకేం తెలుసమ్మా?”

జీతంతో ఏ నెలా చివరిదాకా నెట్టుకురాలేని మనిషి నాకు పరువు నేర్పుతున్నాడు. పింఛనుతోనే బొగ్గు, పిండి, మందులు కొనుక్కుంటూ ఎవరికీ బాకీపడని నేను, కాగితాలను వెనక్కి తోశాను.

“నీ పుట్టినరోజు నీ డబ్బుతో చేసుకో.”

“నా పుట్టినరోజుకని ఎవరన్నారు?” తెమిర్ తల దించుకున్నాడు. “నువ్వు పోయాక ఈ ఇల్లు నా పేరు మీదికి రావడానికి ఆర్నెల్లు పడుతుంది, అప్పటిదాకా దీని మీద అప్పు పుట్టదు. నీ మట్టికొచ్చిన జనానికి మాత్రం వెంటనే గుర్రం కొయ్యాలి కదమ్మా.”

నేను అతని గిన్నెలో టీ పోశాను.

“నా కోసమేనా? అయితే రేపే కోయించు, నీ జీతంతో. నేనూ తింటాను.”

తెమిర్ నిజంగానే కాసేపు ఆలోచించాడు.

“మనిద్దరమే తింటే చూసేవాళ్ళెవరమ్మా?” అన్నాడు.